తొండలమిట్టకు ఒక లాటిన్ పేరు

ఆ రోజు పొద్దున పాలామె గేటు దగ్గర నిలబడి, పాకెట్లు చేతికివ్వకుండా, "అయ్యోరా, ఎదురింటి లాటిన్ సారు పోయినాడు. కుర్చీలో కూసున్నోడు కూసున్నట్టే ఉండాడంట. మీకు ఎవురూ చెప్పలేదా?" అంది.

ఎవరూ చెప్పలేదు. మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఉన్నది ఒక సిమెంటు రోడ్డు, ఒక మురుగుకాలువ. అంతమాత్రం దూరం దాటడానికి ఆ వార్తకు పాలామె కావలసి వచ్చింది. తిరుపతి బైరాగిపట్టెడలో మా వీధిలో నాతో మాట్లాడేవాళ్లు తక్కువ. మాట్లాడే ఒక్క మనిషీ పోతే, పోయాడని వచ్చి చెప్పేవాళ్లు మాత్రం ఎవరుంటారు?

తర్వాత చర్చి హాల్లో సంతాపసభ పెట్టారు. ఆయన చాలా ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పిన ప్రైవేటు కాలేజీ పాత ప్రిన్సిపాలు వచ్చి, ఆయన గొప్ప గ్రీకు పండితుడని పొగిడాడు. పక్క గదిలో కూర్చుని అన్నేళ్లు జీతాల పట్టీ మీద సంతకం పెట్టించుకున్న మనిషికి ఆ భాషేదో కూడా తెలియదు. తర్వాత వార్డు నాయకుడు మైకు అందుకుని, లాటిన్ చదివాడు కాబట్టి పెద్ద లాయరై ఉంటాడనుకుని, న్యాయవాదిగా పేదలకు ఆయన చేసిన సేవ మరువలేనిదన్నాడు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో "గ్రీకు పండితుడి మృతి" అని వేశారు. కుర్ర ఫాదర్ నాకు రెండు నిమిషాలిచ్చాడు. అందులో ఎక్కువ భాగం ప్రిన్సిపాలును సరిదిద్దడానికే పోయింది. మిగతాది చెప్పేలోపు మైకు చేతులు మారింది. ఆ మిగతాదే ఇది.

మా వీధి మొత్తం ఆయనను లాటిన్ సారు అనేది. నేను అప్పా అనేవాణ్ని, ఆయన నన్ను అయ్యోరా అనేవాడు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ని. ఆయన కార్వేటినగరం దగ్గరి ఒక చిన్న పల్లె మనిషి. చిన్నతనంలోనే సెమినరీలో చేర్పించారు. అక్కడ లాటిన్ నేర్చుకుని, ఫాదర్ కాకముందే బయటికి వచ్చేశాడు. ఎందుకు వచ్చేశావని అడిగితే, "పూజ పాట పాడితే కాకులు లేచిపోతాండె అయ్యోరా, వాటి మీద జాలేసింది" అనేవాడు. అసలు కారణం ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా పనిచేసిన ఒకావిడ అని మాకందరికీ తెలుసు. ఆ మహాతల్లి ఆయనకంటే ముందే పోయింది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆయన పనిని "ఊర్ల పిచ్చి" అనేది. పిచ్చి అంటూనే సాయంత్రం ఆయన బయటికి పోవడానికి ఇస్త్రీ చొక్కా తీసిపెట్టేది.

ఆ పిచ్చి ఏమిటో చెప్పాలి. మన ఊళ్ల పేర్లను ఆయన లాటిన్‌లోకి మార్చేవాడు. పాతకాలపు రోము ఊళ్ల పేర్లు కాదు. ఇప్పుడు బస్సుల మీద ఉన్న పేర్లు, రేషను కార్డుల మీద ఉన్న పేర్లు. సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరం తిరుపతి బస్టాండుకు నడిచేవాళ్లం. ప్లాట్‌ఫారం దగ్గర సిమెంటు బెంచీ మీద కూర్చుని, టీ తాగుతూ, వచ్చే బస్సుల బోర్డులు చదివేవాళ్లం. పేరు అర్థం నేను చెప్పాలి, లాటిన్ ఆయన చెప్పాలి. అదీ ఒప్పందం. టీ సాసరులో పోసుకుని తాగేవాడు. అడుగున మిగిలిన చుక్కలో వేలు ముంచి, బెంచీ మీద ఆ పేరు రాసేవాడు. అది ఆరేలోపు నేను చదవాలి.

"అయ్యోరా, సెంద్రగిరి బస్సు వచ్చె."

"చంద్రుడి కొండ. ఇంకేముండాది దాంట్లో?"

"మోన్స్ లూనే. ఎంత సులువుగా పడిందో సూడు. కొన్ని ఊర్లు లాటిన్ కోసమే పుట్టినట్టు ఉంటాయి."

కార్వేటినగరం అంటే అడవి నరికి కట్టిన ఊరని నేను చెబితే, "సిల్వా చేసా" అన్నాడు, లాటిన్‌లో నరికిన అడవి అని. శ్రీకాళహస్తికి వచ్చేసరికి సాలెపురుగునూ పామునూ ఏనుగునూ వరసగా నిలబెట్టి, ముందు గుడిని పెట్టి, బెంచీ ఈ చివర నుంచి ఆ చివరదాకా రాశాడు. "ఈ పేరు బోర్డు మీద రాయాలంటే బస్సు ఇంకా పొడుగ్గా ఉండాల" అని నవ్వాడు. తిరుమల అంటే పవిత్రమైన కొండ. రోము పక్కన సరిగ్గా అదే పేరుతో ఒక కొండ ఉండేదట. అక్కడి పేదజనం పెద్దవాళ్ల మీద కోపం వచ్చినప్పుడు ఊరొదిలి ఆ కొండెక్కి కూర్చునేవాళ్లట. "మనోళ్లు మొక్కు తీర్చనీకి ఎక్కుతారు, వాళ్లు అలిగి ఎక్కినారు. రెండిటికీ కాళ్లు నొస్తాయి" అన్నాడు.

ఒక రోజు నగరి బస్సు వచ్చి మా ముందే ఆగింది. నగరి అంటే నగరమే కదా అన్నాను.

"అంతే. రోమోళ్లు కూడా వాళ్ల ఊరిని పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. ఊర్బ్స్ అనేవాళ్లు. నగరం. లోకంలో ఇంకో నగరం లేనట్టు. మన నగరోళ్లకీ అదే పొగురు."

ఆ మాట విన్న కండక్టరు కిటికీలోంచి తల బయటికి పెట్టాడు. అతనిది నగరే అయివుండాలి. "ఏం సారూ, ఎక్కుతారా లేదా? దినామూ బోర్డులు సూస్తా కూసుంటారే గానీ ఒక్కరోజన్నా టికెట్టు తీసుకున్న పాపాన పోలేదు మీరిద్దరూ."

"మేము పోయి వచ్చేసినామప్పా," అన్నాడు లాటిన్ సారు. "నువ్వు పదిలంగా పోయిరా."

ఆయన మనిషి ఎంత మెత్తనివాడో ఈ విషయంలో అంత మొండి. ఒక నియమం పెట్టుకున్నాడు. నేను చెప్పిన అర్థం, నిఘంటువు చెప్పిన అర్థం, ఏదో ఒక శాసనం చెప్పిన అర్థం, ఇవేవీ చాలవు. ఆ ఊరికి పోయి ఆ ఊరివాళ్లను అడగాలి. మీ ఊరి పేరు ఫలానా భాషలో ఇట్లా పెడుతున్నాను, మీకు సమ్మతమేనా అని అడగాలి. వాళ్లు సరే అన్న తర్వాతే ఆ పేరు ఖాయం. "పేరు ఆ ఊరోళ్లది అయ్యోరా. మనం తీసుకుంటాండాం. అడక్కుండా తీసుకుంటే దాన్నేమంటారు?" అనేవాడు. యాభై ఏళ్లు ఊళ్ల పేర్ల మీద వ్యాసాలు రాసినవాళ్లను నేను చాలామందిని ఎరుగుదును. ఊరివాణ్ని అడగాలన్న ఆలోచన వాళ్లలో ఒక్కడికీ రాలేదు. వాళ్లు ఊరి పొలిమేర కూడా తొక్కరు. కుర్చీలో కూర్చుని ప్రతి పల్లెకూ ఒక రాజునో ఒక ఋషినో తగిలిస్తారు.

ఒకసారి శ్రీకాళహస్తి వైపు గానుగుల కండ్రిగ అనే పల్లెకు పోయాం. కండ్రిగలంటే జమీందార్ల కాలంలో ఎవరికో ఒకరికి రాసిచ్చిన చిన్న చిన్న పల్లెలు, మా వైపు అడుగడుగునా ఉంటాయి. మా ఇద్దరి వాదమల్లా ఒక్కటే. అది గానుగ చెట్టా, నూనె తీసే గానుగా? లాటిన్‌లో రెండూ వేరు వేరు. అంగడి దగ్గర వేరుశెనక్కాయలు వలుస్తున్న ఒకామె మమ్మల్ని కిందినుంచి పైదాకా చూసింది.

"ఎవురు మీరు? సర్వేకి వచ్చినారా? రోడ్డుకి మా చేండ్లు పోతాయని రాయనీకి వచ్చినారా?"

"లేదమ్మా. మీ ఊరికి ఈ పేరు ఎట్లా వచ్చెనో అడగనీకి వచ్చినాము," అన్నాడాయన.

"ఓహో. చేండ్లు అయిపోయె, ఇప్పుడు పేరు కూడా తీసుకుంటారా?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆమె ముందు గొంతుక్కూర్చుని, తనూ నాలుగు కాయలు వలిచి, మెల్లగా అంతా చెప్పాడు. చివరికి ఆమె లోపలినుంచి ముసలి మామను పిలిచింది. ఆయన ఆలోచించి, "రెండూ ఉండె సామీ. గానుగ సెట్టు కింద గానుగ ఉండె. మా నాయన ఆడనే నూనె ఆడిస్తాండె" అన్నాడు. తిరుపతి చేరేదాకా బస్సులో లాటిన్ సారు నవ్వుతూనే ఉన్నాడు. "నువ్వూ నేనూ నెల దినాలు కొట్లాడితిమి. ఇద్దరమూ గెలిస్తిమి" అన్నాడు. నేను గెలిచిన వాదాలు నా జీవితంలో తక్కువ. అందుకని ఆ ప్రయాణం బాగా గుర్తు.

ఇంట్లో కూడా ఆయన భాష అంతే. వీధికుక్కతో లాటిన్‌లో మాట్లాడేవాడు. కూర్చోమంటే కూర్చునేది, పొమ్మంటే పోయేది. ఇప్పుడు దాన్ని తెలుగులో ఎంత అదిలించినా మా గేటు ముందునుంచి కదలదు.

చచ్చిపోయిన భాషతో ఏం పనప్పా అని ఒకసారి నేనే అడిగాను. ఆయన చెప్పిన జవాబు ఈ వ్యాసానికంతటికీ మూలం. ఆయన పుట్టిన పల్లె పేరు తొండలమిట్ట. మిట్ట మీద కొన్ని ఇళ్లు. చుట్టుపక్కల మామిడితోటల్లో కూలికి పోయే మనుషులు. బండల మీద తొండలు. సెమినరీలో చేరిన మొదటి రోజుల్లో తరగతిలో అందరి సొంత ఊర్లూ అడిగారట. ఈయన తొండలమిట్ట అనగానే పిల్లలంతా గొల్లుమన్నారు. లాటిన్ చెప్పే ముసలి ఫాదర్, తమిళం మనిషి, నవ్వలేదు. తొండ అంటే ఏమిటని అడిగాడు. ఈయన చేత్తో, తలతో చూపించాడు. ఫాదర్ వెనక్కి తిరిగి నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశాడు. కొల్లిస్ లచెర్తారుమ్. తొండల మిట్ట. తరువాత పాఠానికి పోయాడు.

"మా ఊరి పేరు బోర్డు మీద సూడ్డం అదే మొదలు అయ్యోరా," అన్నాడు లాటిన్ సారు. "మా ఊరికి బస్సు లేదు, బోర్డు లేదు. తెలుగులో మా ఊరి పేరు చెప్తే ఎవురో ఒకరు నవ్వుతారు. ఇంగ్లీషులో చెప్తే ఇంకొకరు నవ్వుతారు. లాటిన్‌లో నవ్వేవాళ్లంతా సచ్చిపోయినారు."

అట్లాగని ఆయనకు భ్రమలేమీ లేవు. లాటిన్‌లో పెట్టినంత మాత్రాన తొండ ఏనుగైపోదని తనే అనేవాడు. తొండకు తొండ అనే మర్యాద దొరికితే చాలు.

ఈమధ్య కొన్నేళ్లుగా ఆయనకు ఇంటర్నెట్‌లో తనలాంటి పిచ్చివాళ్లు దొరికారు. లోకంలో ఉన్న ఊళ్లన్నిటికీ లాటిన్ పేర్లు పోగుచేసే ఒక గుంపు. పోలండులో బడిపంతులమ్మ ఒకామె దానికి పెద్ద. ఎవరైనా ఒక పేరు పంపితే ఆమె చూసి ఒప్పుకోవాలి. ఆమె షరతు కఠినం. ఎవరికి వాళ్లు పేర్లు పుట్టించి పంపకూడదు. ఆ లాటిన్ పేరు ఎక్కడో ఒకచోట, పుస్తకంలోనో పత్రికలోనో, అచ్చయి ఉండాలి. పంపేవాడే అచ్చువేసుకున్నదైతే చెల్లదు, ఇంకొకరు రాసింది కావాలి. పెద్ద ఊళ్లు ఒకటి రెండింటికి పాతకాలం పాదిరీల అచ్చు పుస్తకాల్లో ఆధారం దొరికింది. మిగతావాటికి ఆమె దగ్గరినుంచి ఒకటే జవాబు వచ్చేది. ఆయన దాన్ని నాకు తెలుగు చేసి చదివేవాడు: "పేరు అందంగా ఉంది. ఆధారం ఏది?"

ఆ మాట మా ఇద్దరికీ ఊతపదమైపోయింది. వార్డు నాయకుడు వీధికి కొత్త కాలువ వేయిస్తానంటే నేను, "పేరు అందంగా ఉండాదప్పా" అనేవాణ్ని. "ఆధారం ఏది?" అని ఆయన పూర్తి చేసేవాడు.

తొండలమిట్టకు ఆధారం లేదు. ముసలి ఫాదర్ రాసింది సుద్దముక్కతో. సాయంత్రానికి తుడిచేసి ఉంటారు. నాకు ఒళ్లు మండి, ఆ పోలండు ఆమె ఎవరు మన ఊళ్లకు సాక్ష్యం అడగడానికి అన్నాను. "ఆమె అడిగింది న్యాయమే అయ్యోరా. నేనైనా అదే అడుగుతాను" అన్నాడు.

సరిగ్గా అప్పుడే మా పట్టణం పెద్దమనుషులు కొందరు జిల్లా ఊళ్ల పేర్ల మీద పుస్తకం వేయాలని సంఘం పెట్టారు. అందులో నేనూ ఉన్నాను. లాటిన్ పేర్లకు ఒక చివరి అధ్యాయం పెడదాం, మా ఎదురింటాయన రాస్తాడు అన్నాను. అధ్యక్షుడు కళ్లజోడు తీసి నవ్వాడు. "అయ్యోరా, తెలుగుకే దిక్కు లేదు, లాటిన్ యాడిదయ్యా?" అన్నాడు. అందరూ నవ్వారు. పోనీ తొండలమిట్టను తెలుగు పేర్లలో అయినా చేర్చండి అన్నాను. రెవెన్యూ గ్రామం కాదు, కుదరదన్నారు. తరువాతి సమావేశానికి నాకు పిలుపు రాలేదు. పుస్తకం వచ్చింది. దాంట్లో అధ్యక్షుడు శాలువా కప్పుకున్న ఫోటోలు చాలా ఉన్నాయి. ఎవరికైనా కావాలంటే ఆయన ఇంట్లో కట్టలు కట్టలుగా ఉన్నాయి, ఊరికే ఇస్తాడు.

ఆ పుస్తకం వచ్చేనాటికి తొండలమిట్టే లేదు. ఆరు లైన్ల రోడ్డు దాని మీదుగా పడింది. ఊరివాళ్లను తీసుకుపోయి రోడ్డు పక్కన ఒక కాలనీలో పెట్టారు. కాలనీకి ఎవరో నాయకుడి పేరు పెట్టారు. లాటిన్ సారు నన్ను వెంటబెట్టుకుని ఒకసారి చూడటానికి పోయాడు. కార్వేటినగరం దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. దిగి రోడ్డంచున నిలబడ్డాం. మిట్ట ఉన్న గుర్తు కూడా లేదు. నేనే ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేలోపు, ఆయన ఆ రోడ్డును ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసి, "మిట్ట తీసి గుంటలో పోసినారు. సాపుగా బాగా వచ్చింది" అన్నాడు. మళ్లీ కాసేపటికి నావైపు తిరిగి, "ఆధారం ఏది అయ్యోరా?" అని నవ్వాడు.

కాలనీకి పోదాం, అక్కడివాళ్లను అడుగు, నేను ఏదైనా పత్రికలో రాస్తాను అన్నాను. నేను పత్రికలకు రాయడం మానేసి చాలాకాలమైంది. ఒక సంపాదకుడు నా వ్యాసం తోక కోసి అచ్చేసినప్పటినుంచి ఒట్టు పెట్టుకున్నాను. ఆయన కోసం ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టడానికి సిద్ధపడ్డాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "నా ఊరోళ్లను నేనే అడిగితే మొగమాటానికి ఊ అంటారు. అది సమ్మతం కాదు. బయటి మనిషి అడగాల. ఈ మోకాలు నొప్పి తగ్గనీ, నువ్వు అడుగుదువు, నేను ఆటోలో కూసుంటాను" అన్నాడు. మోకాలు తగ్గలేదు. ఆ లోపలే ఆ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

పదిమంది వచ్చిపోవడం అయిపోయాక ఆయన కూతురు మా ఇంటికి వచ్చింది. పుత్తూరులో బడిపంతులమ్మ. తండ్రి ఫోను నా ముందు పెట్టింది.

"పెదనాయనా, నాయన ఆఖరుగా ఆ గుంపులో రాసింది ఇదే. వాళ్ల ఊరి పేరు మళ్లీ పంపించినాడు. ఆమె మళ్లీ ఆధారం అడిగింది. ఏం రాయాల నేను?"

"ఏమీ రాయొద్దు. ఆదివారం నాతో రా" అన్నాను.

ఆ ఆదివారం ఇద్దరం కాలనీకి పోయాం. వరసగా ఒకేరకం సిమెంటు ఇళ్లు, ఒకేరకం రంగు. కొళాయి దగ్గర కొంతమంది మగవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను ఎవరో, ఎందుకు వచ్చానో చెప్పాను. వాళ్లలో ఒక పడుచువాడు లేచాడు.

"ఆ పేరు ఎందుకు సార్ ఇప్పుడు? చెప్పుకోలేకే కదా సస్తిమి. కాలేజీలో నన్ను తొండా అనే పిలిచినారు మూడేండ్లు. ఇప్పుడు ఆధార్ కార్డులో కూడా కాలనీ పేరు వచ్చేసింది. హాయిగా ఉండాము. మళ్లీ పేపర్లో ఎయ్యాల్నా?"

అతను చెప్పిందాంట్లో నాకు తప్పేమీ కనిపించలేదు. ఆయన ఉండి ఉంటే అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేసేవాడు. నేనూ లేవబోయాను. అప్పుడు పక్క ఇంటి గడపలో కూర్చుని ఉన్న ముసలామె గట్టిగా పిలిచింది. లాటిన్ సారుకు ఆమె చిన్నమ్మ వరస. ఆయనకంటే పెద్దదేమీ కాదు, వరస అట్లా కలిసింది.

"ఒరే, నువ్వు పుట్టింది యాడరా? కాలనీలోనా?"

"మిట్ట మీదే, అవ్వా."

"మీ అమ్మను కాన్పుకి యాడ పండుకోబెట్టినాము?"

"మన వసారాలో అంటివి కదా."

"ఆ వసారాకి పేరు లేదా మరి? ఆ సామి మన పేరు తీసేస్తానని రాలేదు, పెడతానని వచ్చినాడు. నువ్వు కాలనీ అనే చెప్పుకో, నిన్నెవురన్నా వద్దన్నారా? నాకు ఇది గావాల."

వాడు తల గోక్కుని నవ్వాడు. మిగతావాళ్లూ నవ్వారు. "అవ్వకు గావాలంటే ఎయ్యండి సార్. మేమేమీ అడ్డం రాము" అన్నాడు. ఒక్కొక్కరినీ మళ్లీ అడిగాను, ఆయన ఎట్లా అడుగుతాడో అట్లా. అందరూ సరే అన్నారు.

నేను ఆ లాటిన్ పేరు ఆమెకు చదివి వినిపించాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. "మావోడు చిన్నప్పుడు సెలవులకి వచ్చి ఇదే అంటా తిరిగేవోడు. జరం వచ్చి పలవరిస్తాండాడని యేపాకు కట్టినాము" అంది. తర్వాత, "దాంట్లో ఎర్రతల అని వచ్చెనా?" అని అడిగింది.

"లేదమ్మా. వట్టి తొండలనే ఉండాది."

"వట్టి తొండలు అన్ని ఊర్లల్లోనూ ఉండాయి సామీ. మావి ఎండాకాలం వచ్చిందంటే తలకాయకి కుంకం పూసినట్టు ఉంటాయి. అట్లని రాయి. ఆ భాషలో పట్టకపోతే తెలుగులో అయినా రాయి."

రాస్తున్నాను. సంపాదకుణ్ని బతిమాలుకుని, ఈ ఒక్క మాటను మాత్రం లాటిన్ అక్షరాల్లోనే అచ్చువేయమన్నాను:

Collis Lacertarum

తొండలమిట్ట. చిత్తూరు జిల్లాలో, కార్వేటినగరం దగ్గర. అక్కడి తొండలు ఎండాకాలంలో ఎర్రతలవి. అది నా సొంత ఊరు కాదు, ఆ పేరు పంపినవాణ్నీ నేను కాదు. ఆ ఊరి మనుషులను ఎదుటపడి అడిగి, వాళ్లు ఒప్పుకున్న తర్వాత రాశాను. పోలండులోని పంతులమ్మగారికి ఆయన కూతురు ఈ పేజీ ఫోటో తీసి పంపుతుంది. అమ్మా, మీరు ఆధారం అడిగారు. అడగవలసినదే అడిగారు. ఇదిగో. ఈసారి నా వ్యాసం తోక కోయనని సంపాదకుడు మాట ఇచ్చాడు. కోసినా ఈ భాగం ఉంచితే నాకు అభ్యంతరం లేదు.

ఈ వయసులో నాకు తృప్తి కలిగించిన పనులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇది వాటిలో ఒకటి. ఇంతకాలం నా ఎదురుగా అంత మంచి మనిషి కాపురమున్నాడంటే, ఈ వీధిని నేను తిట్టిన తిట్లలో సగమైనా వెనక్కి తీసుకోవాలి. ప్రిన్సిపాలును తిట్టినవి మాత్రం అట్లాగే ఉంటాయి.

ఆ రోజు బయల్దేరే ముందు ముసలామెను, మిట్ట సరిగ్గా ఎక్కడ ఉండేదని అడిగాను. కాలనీ వెనకే రోడ్డు. ఆమె గడపలోంచి లేవకుండానే చెయ్యి చాపింది. ఆ వేలు చూపిన వైపు ఒక లారీ చెన్నై దిక్కుగా పోతోంది.

"ఆ లారీ పోతున్న చోటా?" అన్నాను.

"కాదు సామీ. ఇంకా పైన."

చెయ్యి ఇంకొంచెం ఎత్తింది. లారీకి పైన, రోడ్డుకు పైన, ఎండ తప్ప ఏమీ లేని చోట ఆమె వేలు ఆగింది. "ఆడ మా వాకిలి. దాని పక్కన మా ఆడబిడ్డోళ్లది. ఇంకొంచెం ఎగువన మావోడిది, మీ లాటినోడిది" అంటూ, ఆ గాలిలో ఒక్కొక్క ఇల్లే చూపిస్తూ పోయింది. ఆయన కూతురు పక్కన నిలబడి, తల పైకెత్తి, ఆ వేలు వెంటే చూస్తోంది.